ఒడ్డు కోసుకుపోతే ఇసుక ఎక్కడికి పోతుంది?

పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ఈసారి ఎక్కువ ఉత్తరాలు సముద్రపు కోత మీదే వచ్చాయి. ఒకే విషయం అడిగిన వాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాఘమాసంలో సముద్ర స్నానానికి వెళ్తే మా బీచ్ పిల్లలు క్రికెట్ ఆడుకునేంత వెడల్పు ఉంటుంది. శ్రావణం వచ్చేసరికి సగం కూడా మిగలదు. ఒడ్డున నడుము ఎత్తు మెట్టు పడుతుంది. మళ్లీ సంక్రాంతికి ఎప్పటిలాగే ఉంటుంది. పోయిన ఇసుక ఎక్కడ దాక్కుంటోంది?
– గృహిణి, భీమిలి

జవాబు: దూరం పోదండి. ఒడ్డు నుంచి నూరు, రెండొందల మీటర్ల లోపే నీటి అడుగున గట్టులా పేరుకుని ఉంటుంది. దాన్ని చూడటానికి నీళ్లలోకి దిగక్కర్లేదు. నైరుతి గాలి జోరుగా ఉన్న రోజున ఒడ్డున నిలబడి అలలు ఎక్కడ విరుగుతున్నాయో గమనించండి. దూరంగా ఒకసారి తెల్లగా విరిగి, మళ్లీ నునుపుగా సర్దుకుని, ఒడ్డు దగ్గర రెండోసారి విరుగుతున్నాయా? ఆ మొదటి తెల్ల గీత కిందే ఉంది మీ బీచ్. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతుకు రాగానే విరుగుతుంది. మీటరున్నర అల అక్కడ విరిగిందంటే ఆ గట్టు మీద నీళ్లు రెండు మీటర్లే.

అల ఎక్కేటప్పుడు ఇసుక తెస్తుంది, దిగేటప్పుడు పట్టుకుపోతుంది. ఏది ఎక్కువైతే ఒడ్డు అటు మొగ్గుతుంది. ప్రశాంతంగా ఉండే నెలల్లో దూరాన పుట్టిన అలలు పొట్టిగా, ఎడంగా వస్తాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పది పన్నెండు సెకన్లు ఉంటుంది. ఎక్కిన నీరు కొంత పొడి ఇసుకలో ఇంకిపోతుంది, మిగిలినదానికి దిగేటప్పుడు బలం చాలదు. తెచ్చిన ఇసుక పైనే ఉండిపోతుంది. నైరుతిలో దగ్గరలోనే గాలికి లేచిన అలలు ఎత్తుగా, ఆరేడు సెకన్లకొకటి చొప్పున మీదపడతాయి. మొదటి అల నీరు దిగకముందే రెండోది వచ్చేస్తుంది. ఇసుక అప్పటికే నీళ్లు తాగి నిండి ఉంటుంది కాబట్టి ఇంకడానికి చోటు లేదు. ఎక్కిన నీరంతా ఇసుకను గీరుకుంటూ కిందికి దిగుతుంది. మీరు చెప్పిన నడుమెత్తు మెట్టు అలా పడిందే.

ఇసుక పోవడానికి ఒక రాత్రి చాలు, రావడానికి మాత్రం నెలలు పడుతుంది. ఆ నెలలు గడవకముందే ఇంకో తుఫాను వస్తే బాకీ మీద బాకీ పడుతుంది. నైరుతి వెళ్లీ వెళ్లకముందే అక్టోబరులో తుఫాన్లు మొదలయ్యే మన తీరానికి ఇది తరచూ ఎదురయ్యే ఇబ్బందే. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ కూడా నైరుతికి సన్నబడిన ఒడ్డు మీదికే వచ్చింది. అందుకే జనవరి బీచ్‌ను జూలై బీచ్‌తో పోల్చి ‘కోసుకుపోయింది’ అనుకోకండి. జనవరిని జనవరితోనే పోల్చాలి, అదీ నాలుగైదేళ్లు వరసగా.

అడగకపోయినా ఒక మాట. ఆ నీటి అడుగు గట్టుకు అక్కడక్కడా గండ్లు ఉంటాయి. ఒడ్డుకు చేరిన నీరంతా ఆ గండ్లలోంచే వేగంగా లోపలికి పోతుంది. పైనుంచి చూస్తే రెండు తెల్లటి నురగల మధ్య నల్లగా, ప్రశాంతంగా కనిపించే పట్టీ అదే. అలలు లేవు కదా అని జనం సరిగ్గా అక్కడే దిగుతారు. మీరు దిగకండి. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి.

ప్రశ్న: ఉప్పాడ దగ్గర రోడ్డు పక్కన బండరాళ్లు పోశారు, అంతకుముందు ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాలు వేశారు. అయినా తుఫాను వస్తే రోడ్డు పోతూనే ఉంది, ఇళ్లు కూలుతూనే ఉన్నాయి. రాయి కూడా సముద్రాన్ని ఆపలేదా?
– పడవ యజమాని, కొత్తపల్లి మండలం

జవాబు: రాయి తన వెనకున్న నేలను కొంతకాలం కాపాడుతుంది. తన ముందున్న ఇసుకను కాపాడలేదు. మీ సమస్య ఇసుక రాకపోవడం. గోడ ఇసుకను పుట్టించదు.

ముందు ఇసుక ఎందుకు రావడం లేదో చూద్దాం. అల ఒడ్డును ఏటవాలుగా తాకితే ఇసుక రంపం పళ్లలాంటి దారిలో, ఏటవాలుగా ఎక్కి తిన్నగా దిగి, ఒడ్డు వెంట జరుగుతుంది. మన తీరంలో సుమారు మార్చి నుంచి అక్టోబరు దాకా ఉత్తరానికీ, మిగతా నెలల్లో దక్షిణానికీ జరుగుతుంది. ఏడాది మొత్తం మీద నికరంగా పోయేది ఉత్తరానికే. అంటే ఉప్పాడకు ఇసుక దక్షిణం నుంచి, గౌతమీ గోదావరి మొగ వైపు నుంచి రావాలి. దారిలో హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి ఇసుకే గత రెండు శతాబ్దాల్లో పోగుపడి, కాకినాడకు ఎదురుగా ఉత్తరం వైపు సాగిన సుమారు 16 కిలోమీటర్ల ఇసుక నాలుక అది. కాకినాడ రేవుకు అది వరం. ఉత్తరానికి రావాల్సిన ఇసుక మాత్రం ఆ నాలుక పెరగడానికే సరిపోతోంది. దాని కొస దగ్గర అలలు వంపు తిరిగి ఉప్పాడ వైపు కేంద్రీకృతం కావడం ఇంకో దెబ్బ. వీటన్నిటికీ పైన, ఎగువ ఆనకట్టల్లో పూడిక ఆగిపోయి గోదావరి సముద్రానికి తెచ్చే మట్టి, ఇసుక 1970లతో పోలిస్తే 1990ల నాటికే సగం కన్నా తక్కువకు పడిపోయాయి. రాబడి తగ్గి ఖర్చు అలాగే ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో ఉప్పాడ ఒడ్డు అలా ఉంది.

ఇక గోడల సంగతి. వాలుగా ఉన్న ఇసుక ఒడ్డు అల బలాన్ని కొద్దికొద్దిగా తాగేస్తుంది. నిలువు గోడ తాగదు, తిప్పి కొడుతుంది. వచ్చే అల, తిరిగిపోయే అల కలిసి గోడ పాదం దగ్గర ఇసుకను కెలికేస్తాయి. ఎంత లోతు గుంట పడుతుందన్నదానికి ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: గోడ దగ్గరికి వచ్చే అల ఎత్తు ఎంతో, గుంట లోతు దాదాపు అంత. రెండు మీటర్ల అల వచ్చే చోట పునాది మీటరు లోతులోనే ఆగిపోతే, రాళ్లు ఎంత పెద్దవైనా ముందుకు దొర్లి ఆ గుంటలో పడతాయి. కింద వడపోత పొర, అంటే నీటిని వదిలి ఇసుకను ఆపే జియో వస్త్రమో చిన్న కంకరో, పరచకుండా నేరుగా ఇసుక మీద రాళ్లు పోసినా ఇదే గతి. రాళ్ల సందుల్లోంచి ఇసుక జారిపోతుంది, పైన గట్టు కుంగుతుంది. ‘రాళ్లు ఎవరో ఎత్తుకుపోయారు’ అని ఊళ్లో అనుకునే రాళ్లలో చాలా భాగం కిందే ఉంటాయి.

రాయి బరువు ఇంకో చిక్కు. కావలసిన బరువు అల ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఒకటికి రెండు వాలుతో పేర్చిన గరుకు గ్రానైట్ రాళ్లకు, మీటరు అలకు ఒక్కో రాయి సుమారు 170 కిలోలుంటే చాలు. రెండు మీటర్లకు సుమారు 1.3 టన్నులు, మూడు మీటర్లకు సుమారు నాలుగున్నర టన్నులు కావాలి. అల మూడు రెట్లయితే రాయి ఇరవయ్యేడు రెట్లు. మామూలు రోజుల అల చూసి లారీల్లో తెచ్చిపోసిన రాయి తుఫాను రోజున బంతిలా దొర్లడంలో వింతేమీ లేదు. ఇసుక గొట్టాలదీ బలహీనతే: ఎండకు బట్ట పెళుసెక్కుతుంది, పడవ లంగరో రాయో గుచ్చుకుని ఒక చోట చిరిగితే లోపలి ఇసుక కారిపోయి మొత్తం చప్పబడిపోతుంది.

గోడ ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి కోత పక్క ఊరికి జరుగుతుంది. దీనికి పాత సాక్ష్యం చెన్నైలో ఉంది. 1876లో మొదలైన మద్రాసు రేవు గోడలు ఉత్తరానికి పోయే ఇసుకను అడ్డుకున్నాయి. దక్షిణాన మెరీనా బీచ్ అంత వెడల్పయింది అందుకే, ఉత్తరాన రాయపురం ఒడ్డు కోసుకుపోయిందీ అందుకే. విశాఖలో 1976 నాటి ఔటర్ హార్బర్ దగ్గరా ఇదే సమస్య. తేడా ఏమిటంటే అక్కడ గోడ పక్కన చిక్కుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఉత్తరాన ఆర్కే బీచ్ మీదికి పంపుతారు. ఒకసారి చేసి వదిలేసే పని కాదిది, రేవు ఉన్నంతకాలం చేస్తూనే ఉండాలి. మా అభిప్రాయంలో ఉప్పాడకూ రాళ్లతో పాటు ఇసుక పోయక తప్పదు. రాళ్లు ఒక్కటే అయితే చివరికి మీకు గోడ మిగులుతుంది, పడవ లాక్కోవడానికి ఒడ్డు మిగలదు.

ప్రశ్న: తుఫాను వెలిసిన మర్నాడు ఒడ్డంతా నల్లటి చారలు. ఓడ నుంచి ఆయిల్ ఒలికిందేమోనని పిల్లల్ని వెళ్లనివ్వలేదు. ఏమిటది?
– కళింగపట్నం దగ్గరి పాఠకుడు

జవాబు: చేత్తో ముట్టుకోండి. జిడ్డుగా అంటుకుంటే ఆయిల్. పొడిపొడిగా, మామూలు ఇసుక కన్నా బరువుగా అనిపిస్తే అది ఇసుకే.

తూర్పు కనుమల ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లు అరిగి వచ్చిన ఇసుక మనది. అందులో తెల్లటి క్వార్ట్జ్‌తో పాటు నల్లటి ఇల్మనైట్, ఎర్రటి గార్నెట్ వంటివి కలిసి ఉంటాయి. క్వార్ట్జ్ నీటికి 2.65 రెట్లు బరువు, గార్నెట్ సుమారు 4, ఇల్మనైట్ సుమారు 4.7. పెద్ద అలలు తేలికదాన్ని లోపలికి లాక్కుపోయి బరువుదాన్ని వదిలేశాయి. చేటలో చెరిగితే పొల్లు పోయి గింజ మిగిలినట్టే. అంటే నల్ల చార ఎంత మందంగా ఉంటే అక్కడ అంత తెల్ల ఇసుక పోయిందని గుర్తు. మెట్టు పడిన చోట ఆ మెట్టును పక్క నుంచి చూడండి, నల్ల పొర, తెల్ల పొర ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఒక్కో నల్ల పొర ఒకప్పటి కోత, దాని మీది తెల్ల పొర ఆ తర్వాతి మేట.

ప్రశ్న: సూర్యలంక వైపు మాకు సముద్రానికి ఎదురుగా స్థలం ఉంది. గెస్ట్‌హౌస్ కట్టాలనుకుంటున్నాం. ముందు రెండు మీటర్ల ఎత్తు ఇసుక దిబ్బ అడ్డుగా ఉండి సముద్రం కనపడటం లేదు. పొక్లెయిన్‌తో చదును చేయిస్తే నష్టమా? చేశాక మళ్లీ కావాలంటే దిబ్బ తయారవుతుందా?
– బాపట్ల

జవాబు: చదును చేయకండి. మొదటి కారణం చట్టం. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం ఇసుక దిబ్బలు 1ఏ తరగతిలోకి, అంటే అతి సున్నిత ప్రాంతాల్లోకి వస్తాయి. కట్టడం సంగతి కూడా పోటు గీత, అంటే పోటు నీరు చేరే హద్దు, నుంచి మీ స్థలం ఎంత దూరమో ముందు అధికారికంగా తేల్చుకున్నాకే ఆలోచించండి.

రెండో కారణం లెక్క. రెండు మీటర్ల ఎత్తు, 12 మీటర్ల అడుగు ఉన్న దిబ్బలో మీటరు పొడవుకు 12 ఘనపు మీటర్ల ఇసుక ఉంటుంది. మీ స్థలం ముఖం 50 మీటర్లనుకుంటే 600 ఘనపు మీటర్లు, మూడు ఘనపు మీటర్ల ట్రాక్టరు ట్రక్కుకు 200 ట్రిప్పులు. తుఫాను రాత్రి సముద్రానికి మీరు ఖర్చుపెట్టగలిగిన నిల్వ అదే. అల దిబ్బ పాదాన్ని కోస్తుంది, ఆ ఇసుక ముందుకు జారి నీటి అడుగు గట్టుగా మారుతుంది, తర్వాతి అలలు ఆ గట్టు మీద ముందుగానే విరిగి నీరసిస్తాయి. దిబ్బ లేకపోతే అల నేరుగా మీ పునాది దగ్గరికి వస్తుంది. సముద్రం కనపడాలంటే ఇంటిని స్తంభాల మీద లేపండి.

ఇప్పటికే చదును చేసేసినవాళ్ల కోసం మిగతాది. పొడి ఇసుక సెకనుకు ఐదారు మీటర్ల గాలికి, అంటే గంటకు 20 కిలోమీటర్లకు, కదలడం మొదలెడుతుంది. రేణువులు ఎగిరి దూకుతూ పోతాయి, చాలావరకు మోకాలి ఎత్తు లోపే. కాబట్టి దిబ్బ పెంచడానికి పెద్ద చెట్లు అక్కర్లేదు, జానెడు ఎత్తు తీగ చాలు. పాత దిబ్బల మీద ఆ పని చేస్తున్నవి మేక గిట్టలాంటి ఆకుతో ఊదా పూలు పూసే బాలబంద తీగ, బంతిలాంటి ముళ్ల కంకులు గాలికి దొర్లే రావణాసురుడి మీసాల గడ్డి. తీగ ఇసుకలో కూరుకుపోయే కొద్దీ కణుపు దగ్గర వేరు వేసి పైకి లేస్తుంది.

ముందు తడికలు. సంవత్సరంలో అన్నిటికన్నా పెద్ద పోటు గీతకు కనీసం ఐదారు మీటర్లు లోపలికి, మీటరు ఎత్తు తాటాకు లేదా వెదురు తడికలు నిలపండి. తడికలో సగం ఖాళీ ఉండాలి. దట్టంగా అల్లితే గాలి తడిక మీదుగా దూకి వెనక గిరికీలు కొట్టి, ఇసుకను పేర్చడానికి బదులు పాదం దగ్గర గుంట తవ్వుతుంది. ఒకే వరసలో గోడలా కట్టకుండా మూడేసి మీటర్ల ముక్కలుగా, మధ్య రెండేసి మీటర్ల ఖాళీ వదలండి. జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు ఆ దారులు కావాలి. తడిక మూడింట రెండు వంతులు పూడాక దాని మీదే ఇంకోటి.

తీగ నాటడానికి వానలు మొదలైన సమయం మంచిది. మూడు నాలుగు కణుపులున్న, మూర కన్నా కొంచెం చిన్న ముక్కలు కోసి, మూడింట రెండు వంతులు ఇసుకలో పడుకోబెట్టి పాతండి. మీటరు ఎడంతో 10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవుకు 200 ముక్కలు, చచ్చినవాటి బదులుకు ఇంకో 40. పైపైన నాటితే మధ్యాహ్నపు ఇసుక వేడికే మాడిపోతాయి. మేకలు, ఆవులు రాకుండా మొదటి ఏడాది చూడాలి. మనుషుల దారి సముద్రానికి తిన్నగా వేస్తే అది గాలికి గొట్టంలా పనిచేసి దిబ్బకు గండి కొడుతుంది. దారిని వంకరగా, వీలైతే చెక్క వంతెనలా తీగకు జానెడు పైన వేయండి.

ప్రశ్న: సరుగుడు తోటలు వేస్తే కోత ఆగుతుందంటారు, నిజమేనా?
– రైతు, కోనసీమ

జవాబు: గాలిని ఆపుతాయి, అలను ఆపవు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరం పొడవునా వేసిన తోటలు తుఫాను గాలి నుంచి పొలాలకు అడ్డుగా ఉండటానికే, ఆ పని బాగానే చేస్తాయి. ఒడ్డు అంచుదాకా వేస్తేనే చిక్కు. రాలిన ఆకు మెత్తలా పరుచుకుని కింద తీగను రానివ్వదు, కోత వచ్చినప్పుడు చెట్టు వేళ్లతో సహా ఒరిగి పెద్ద ముద్ద ఇసుకను పెళ్లగించుకుపోతుంది. ముందు దిబ్బను తీగకూ గడ్డికీ వదిలేసి, దాని వెనక మొగలి, ఆ వెనక సరుగుడు వేసుకోండి.

ప్రశ్న: మా హైస్కూలు పిల్లలతో బీచ్ పెరుగుతోందా తరుగుతోందా కొలిపించాలని ఉంది. సర్వే పరికరాలు లేవు.
– సైన్సు ఉపాధ్యాయురాలు, విశాఖ జిల్లా

జవాబు: రెండు కర్రలు, ఒక తాడు, ఎదురుగా సముద్రం ఉంటే చాలు. సముద్రం ఆకాశాన్ని తాకే గీత ఉంది చూశారూ, దాని కన్నా మంచి మట్టం ఏ దుకాణంలోనూ దొరకదు.

మీటరున్నర పొడవున్న రెండు తిన్నని కర్రలు తీసుకోండి. పైకొనను సున్నాగా పెట్టి, కిందికి రెండేసి సెంటీమీటర్లకు గీతలు గీయండి. అడుగున డబ్బా మూతలాంటి చదును రేకు బిగించండి, లేకపోతే తడి ఇసుకలో ఒక కర్ర మూడు, ఇంకోటి ఐదు సెంటీమీటర్లు దిగి లెక్కంతా తప్పుతుంది. రెండు కర్రల మధ్య రెండు మీటర్ల తాడు. కదలని గుర్తు ఒకటి ఎంచుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి. బీచ్ రోడ్డు గోడ మూల మంచిది, చెట్టు వద్దు.

సముద్రం వైపు కర్ర ఒకరు, ఒడ్డు వైపు కర్ర ఇంకొకరు నిటారుగా పట్టుకోవాలి. చూసేది ఎప్పుడూ ఒడ్డు వైపు పిల్లే. నేల సముద్రం వైపు వాలి ఉంటే ముందు కర్ర కొన ఆకాశపు గీతకు దిగువన కనిపిస్తుంది. కన్ను కిందికి దించుతూ ముందు కర్ర కొన, ఆకాశపు గీత ఒకే వరసలోకి వచ్చేచోట తన కర్ర మీది అంకె చదవాలి. 14 వస్తే నేల 14 సెంటీమీటర్లు దిగింది. నేల సముద్రం వైపు లేచి ఉంటే తన కర్ర కొన మీదుగా ఆకాశపు గీతను చూసి, ఆ చూపు ముందు కర్రను తాకిన చోటి అంకె చదవాలి, అది ఎక్కుడు. రాసి, వెనక కర్రను సరిగ్గా ముందు కర్ర ఉన్న చోటికి తెచ్చి మళ్లీ అదే పని, నీటి అంచుదాకా.

అమావాస్యకో పౌర్ణమికో, పాటు బాగా దిగిన వేళ వెళ్లండి. విశాఖలో అప్పుడు పోటుకూ పాటుకూ తేడా సుమారు మీటరున్నర. ఒకటికి ఇరవై వాలున్న ఒడ్డు మీద అది 30 మీటర్ల నేలను బయటపెడుతుంది. మబ్బుగా, మంచుగా ఉండి ఆకాశపు గీత చెరిగిపోయిన రోజున మానేయడమే మేలు. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు దిగుడు, ఎక్కుడు గుర్తులు తారుమారు చేయడం. ప్రతి అంకె పక్కన బాణం గీయించండి.

గ్రాఫు కాగితం మీద అడ్డంగా దూరం, నిలువుగా ఎత్తు వేసి చుక్కలు కలిపితే బీచ్ అడ్డకోత వస్తుంది. రెండు తేదీల గీతల మధ్య గడులు లెక్కపెట్టండి. 40 మీటర్ల వెడల్పున సగటున 30 సెంటీమీటర్లు దిగిందనుకోండి, మీటరు తీరానికి 12 ఘనపు మీటర్ల ఇసుక కదిలిందన్నమాట. బాపట్ల పాఠకుడికి పైన లెక్క కట్టిన దిబ్బ మొత్తం అంతే.

నెలకోసారి చాలు. తుఫాను హెచ్చరిక వస్తే ముందొకసారి, సముద్రం పూర్తిగా శాంతించి అధికారులు అనుమతించాక ఇంకొకసారి. మొదలుపెట్టిన గోడ మూలను రెండు వైపుల నుంచి ఫోటో తీసి నోటుబుక్కు మొదటి పేజీలో అతికించండి, వచ్చే ఏడాది పదో తరగతికి వచ్చే పిల్లలు అదే మూల నుంచి కొలవాలి.